నిమ్మ చెట్టు మీది ఆడ సీతాకోకచిలుక: వేరే ఉపజాతా, వేరే రూపమా?

ప్రశ్న

మూడు నెలలుగా ఒకే నిమ్మ చెట్టు దగ్గర కామన్ మార్మన్ సీతాకోకచిలుకలను ఫొటోలు తీస్తున్నాను. మగవన్నీ ఒకే తీరు: నల్ల రెక్కలు, వెనుక రెక్కకు అడ్డంగా తెల్లచుక్కల వరుస. నిన్న లేతాకు మీద గుడ్డు పెడుతున్న ఆడది మాత్రం వేరుగా ఉంది. ముందు రెక్క మీద తెల్లపట్టీలు, వెనుక రెక్క నిండా ఎర్రమచ్చలు, అచ్చం క్రిమ్సన్ రోజ్ అనే వేరే జాతి సీతాకోకచిలుకలా. ఒళ్లు మాత్రం నలుపే. పుస్తకంలో 'రోములస్' అనే ఉపజాతి పేరు చూశాను. ఇది రోములస్ అయితే మిగతావి ఏ ఉపజాతి? ఇది తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

ఒళ్లు నలుపని గమనించారు కదా, అదే గుర్తు. క్రిమ్సన్ రోజ్‌కు తలా ఒళ్లూ ఎర్రగా ఉంటాయి. పైగా అది గుడ్లు పెట్టేది ఈశ్వరి తీగ మీద, నిమ్మ మీద కాదు.

జవాబు 2

ఒకే పేరును రెండు చోట్ల వాడటం వల్ల వచ్చిన చిక్కిది. కామన్ మార్మన్ శాస్త్రీయ నామం పాపిలియో పాలిటెస్, అందులో పాపిలియో పాలిటెస్ రోములస్ అన్నది ఉపజాతి. రోములస్ పేరు 1775లో క్రేమర్ పెట్టింది. మీ చెట్టు దగ్గర తిరిగే మగవీ ఆడవీ అన్నీ అదే ఉపజాతి. అండమాన్‌లో, నికోబార్‌లో ఉండేవి వేరే ఉపజాతులు. ఉపజాతి అంటే ఒక ప్రాంతపు జనాభా మొత్తానికి ఉండే తేడా. ఒకే చెట్టు మీద పక్కపక్కన కనిపించేవాటిని అలా విడదీయలేం.

ఆ ఉపజాతిలో ఆడవి మూడు రూపాల్లో వస్తాయి. మగదాన్ని పోలినది సైరస్, కామన్ రోజ్‌ను పోలినది స్టికియస్, క్రిమ్సన్ రోజ్‌ను పోలినది రోములస్. రోజ్‌లు విషపూరితం, పక్షులు వాటి జోలికి పోవు. ఆ వేషమే వీటికి రక్ష.

నేను ఒకే తల్లి గుడ్లను పెంచాను. ఆడవి ఐదు వచ్చాయి: మూడు స్టికియస్, రెండు సైరస్. ముడతలు పడి తడిగా ఉన్న రెక్క కిందికి జారుతూ విచ్చుకుంటుంటే ఒకదానిలో తెల్లమచ్చ, ఎర్ర అంచు మెల్లగా బయటపడ్డాయి. పక్కనున్న చెల్లెలికి అవేవీ లేవు. డబుల్‌సెక్స్ అనే జన్యువే దీన్ని నడుపుతుందని 2014లో తేలింది. అది మగవాటిలోనూ ఉంటుంది కానీ బయటికి కనిపించదు.

రాసుకునేటప్పుడు తేదీ, చోటు, ఆడా మగా, రెక్క పైవైపు, అడుగువైపు, ఒంటి రంగు, గుడ్డు పెట్టిన మొక్క వదలకండి. ముఖ్యంగా అడుగువైపు ఫొటో, చాలామంది తీయనిది అదే. 'ఆడది, రోములస్ రూపం' అని స్పష్టంగా రాయండి.

రుతువుతో మారే రూపాలూ ఉంటాయి. పీకాక్ ప్యాన్సీ అనే సీతాకోకచిలుక వానాకాలపు రూపానికి లిన్నేయస్ 1758లో వేరే జాతిగానే పేరు పెట్టాడు.

ప్రశ్న అడిగినవారు

ఇప్పుడు అర్థమైంది, చాలా థ్యాంక్సండీ. గుడ్లున్న కొమ్మకు పలుచటి వల కట్టాను. పసుపు రంగు గుడ్లు నాలుగు కనిపిస్తున్నాయి. సీతాకోకచిలుకలయ్యాక ఆడవి ఏ రూపంలో వచ్చాయో ఇక్కడే రాస్తాను.