వైపర్ ఆపితే అద్దం మధ్యలోనే నిలిచిపోతోంది: మోటారా, స్విచ్చా?

ప్రశ్న:
పదేళ్ల హ్యాచ్‌బ్యాక్ అండి. లో, హై రెండు స్పీడ్‌లూ బాగానే ఆడుతున్నాయి. ఆఫ్ చేస్తే మాత్రం వైపర్లు కిందికి రావు, ఎక్కడుంటే అక్కడే ఆగిపోతాయి. ఇంటర్మిటెంట్‌లో (ఆగి ఆగి తుడిచే సెట్టింగ్) పెడితే కాస్త కదిలి ఊరుకుంటాయి. మోటారుకు 5 వైర్ల కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్) ఉంది. మోటార్ మార్చేయమంటున్నారు. ముందు ఏం చూడాలి?

జవాబు 1:
రెండు స్పీడ్‌లూ ఆడుతున్నాయంటే మోటార్ లోపల కరెంటు అందించే బ్రష్‌లు, ఫ్యూజ్ బాగున్నట్టే. తొందరపడి మోటార్ కొనకండి. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ మూలం ఒకటే, పార్క్ సర్క్యూట్. స్విచ్ ఆపాక వైపర్లు కిందికి చేరేదాకా మోటారుకు కరెంటు ఈ దారిలోనే అందుతుంది. ఇంటర్మిటెంట్‌లో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) క్షణం పాటు కరెంటిచ్చి వదిలేస్తుంది. మిగతా చుట్టు పూర్తిచేసేదీ ఇదే.

ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, వైపర్ మధ్యలో ఆగి ఉండగా కప్లర్ వెనక నుంచి చూడండి. మీటర్ నలుపు ప్రోబ్ బ్యాటరీ మైనస్‌కు పెట్టాలి. ఎప్పుడూ సప్లై ఉండే వైరులో 12 వోల్టులు రాకపోతే లోపం మోటార్ బయటే. అక్కడ వచ్చి, పార్క్ వైరులో రాకపోతే లోపం మోటార్ లోపలి కాంటాక్ట్‌లో, అంటే కరెంటు కలిపే రాగి పట్టీల్లో. రెండింటిలోనూ వస్తే వైరు వెంట స్టీరింగ్ దగ్గరి కాంబినేషన్ స్విచ్ దాకా వెళ్లండి. ఏ వైరు ఏదో మీ మోడల్ వైరింగ్ డయాగ్రంలో చూసుకోవాలి, రంగును నమ్మొద్దు. లింకేజ్ (వైపర్లను ఆడించే కడ్డీలు) దగ్గర వేళ్లు పెట్టకండి, ఒక్కసారిగా తిరుగుతుంది.

జవాబు 2:
పై పద్ధతి సరైనదే, కానీ మీటర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతారు. చిలుము పట్టిన కాంటాక్ట్ కూడా లోడ్ (కరెంటు లాగే పరికరం) లేనప్పుడు 12 చూపిస్తుంది. ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి, పార్క్ వైరుకూ ఎర్త్‌కూ మధ్య పెట్టండి. నిండుగా వెలగాలి. మసకగా వెలిగితే కరెంటు దారిలోనే ఆగుతోందన్నమాట.

ప్రశ్న వేసినవారు:
సప్లై వైరులో 12.4. పార్క్ వైరులోనూ 12 దాకా చూపిస్తోంది, బల్బు పెడితే మాత్రం 3కి పడిపోతోంది. సప్లై వైరు మీద అదే బల్బు నిండుగా వెలుగుతోంది.

జవాబు 1:
అయితే లోపలి కాంటాక్టే. బ్యాటరీ మైనస్ తీసి, క్రాంక్ (మోటార్ ఇరుసుకు బిగించి ఉండే చిన్న చేయి) ఉన్నచోట గుర్తు పెట్టుకుని విప్పి, మోటార్ దించి, గేర్ మూత స్క్రూలు విప్పండి. పాత గ్రీజు గట్టిపడి నల్లగా ఉంటుంది. దాన్ని తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, రాగి పట్టీలను సన్నటి ఎమెరీ పేపర్‌తో పైపైన రుద్దండి. రాసుకునే రేకు వదులైతే పిసరంత లోపలికి వంచండి, ఎక్కువ వంచితే విరుగుతుంది. కాంటాక్ట్ అరిగి గుంట పడితే అప్పుడు మోటార్ మార్చక తప్పదు.

బిగించేటప్పుడు మోటారుకు క్రాంక్ తగిలించకుండానే కప్లర్ పెట్టి, బ్యాటరీ కలిపి, ఒకసారి ఆన్ చేసి ఆపండి. పార్క్‌లో దానంతటదే ఆగాక క్రాంక్‌ను పాత గుర్తు దగ్గర బిగించండి. అద్దం కింది ప్లాస్టిక్ కవర్ తీసినప్పుడే ఆకులు ఏరి డ్రెయిన్ రంధ్రాలు తెరవండి. అక్కడ నీళ్లు నిలిస్తే మోటార్‌లోకి చేరి మళ్లీ చిలుము పడుతుంది.