పిట్టల గింజల డబ్బాకి పోల్ పాతాలి, ఎలాంటిది తీసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. పెరట్లో పిట్టల కోసం చెట్టుకొమ్మకి గింజల డబ్బా వేలాడదీశాం. పిట్టల కంటే ముందే ఉడతలు దిగిపోతున్నాయి. పొద్దున నింపితే మధ్యాహ్నానికల్లా ఖాళీ. మూత అంచున ప్లాస్టిక్ కొరికి వేలు దూరేంత కన్నం కూడా పెట్టాయి. అందుకే నేలలో పాతే ఇనప పోల్ తీసుకుందామని ఆలోచన. ఒకటేమో కాలితో తొక్కి దింపే ముళ్ల స్టాండు, సన్నటి కడ్డీ, పైన ఒకే కొక్కెం. ఇంకోటి లావుపాటి గొట్టం, అడుగున స్క్రూలా మరలు, పైన నాలుగు చేతులు. ఏది మంచిది? ఎత్తు ఎంతుండాలి?

జవాబు

నాలుగు చేతులదే తీసుకోండి. ఒక డబ్బా పెట్టాక రెండోది పెట్టాలని ఎలాగూ అనిపిస్తుంది.

మరొకరి జవాబు

అండీ, కొనేముందు టేపు పట్టుకుని ఓసారి పెరట్లోకి వెళ్లండి. ఎంత మంచి పోల్ కొన్నా చోటు కుదరకపోతే దండగే. పెద్ద జాతి ఉడత నేల మీంచి నిలువుగా నాలుగైదు అడుగులు ఎగురుతుంది. పక్కనున్న కొమ్మ మీంచో గోడ మీంచో అయితే ఎనిమిది నుంచి పది అడుగులు దూకేస్తుంది. కాబట్టి పోల్ చుట్టూ పది అడుగుల మేర చెట్టు, గోడ, బట్టలారేసే తీగ, కుర్చీ ఏవీ ఉండకూడదు. కొలత చెట్టు మొదలు నుంచి కాదు, కొమ్మ చివరి నుంచి.

అలాగని మైదానం మధ్యలో పెట్టినా పిట్టలు బెదురుతాయి. డేగ కనిపిస్తే దూరడానికి ఒక పొద పది పన్నెండు అడుగుల దూరంలో ఉంటే చాలు. మరీ దగ్గరుంటే అందులో పిల్లి నక్కి కూర్చుంటుంది.

ఇక ఒట్టి పోల్ ఉడతని ఆపదు. నున్నటి గొట్టమైనా సరే, చకచకా ఎక్కేస్తుంది. ఆపేది మధ్యలో బిగించే అడ్డు. దాన్నే బాఫిల్ అంటారు. గొడుగు ఆకారంలో ఒకటి, పైన మూసి కింద తెరిచి ఉన్న రేకు గొట్టం ఇంకొకటి. గొడుగైతే 16 నుంచి 18 అంగుళాల వెడల్పుకి తగ్గొద్దు. గొట్టమైతే కనీసం రెండడుగుల పొడవు, ఆరేడు అంగుళాల వెడల్పు. ఏదైనా దాని పైఅంచు నేలకి కనీసం నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. నా ఓటు గొట్టానికే. ఉడత పోల్ వెంట పైకి వచ్చి గొట్టం లోపలికి దూరుతుంది, తల పైన మూతకి తగులుతుంది, దారి లేక దిగిపోతుంది. గొడుగు గాలికి ఊగి అటూ ఇటూ ఒరుగుతుంటుంది.

మీ దగ్గర చిన్న జాతి ఉడతలుంటే అవి అంత దూరం దూకకపోవచ్చు గానీ సందు దొరికితే దూరిపోతాయి. బాఫిల్ మూతకీ పోల్‌కీ మధ్య ఖాళీ లేకుండా బిగించండి.

సన్నటి కడ్డీ వద్దు. నిండు డబ్బా వేలాడదీస్తే ఒకవైపు ఒంగుతుంది, వాన పడి నేల మెత్తబడితే ముళ్లతో సహా ఒరిగిపోతుంది. ఒక అంగుళం వ్యాసమున్న ఉక్కు గొట్టం, అడుగున మరలున్నదే సరైనది. నేల పైన ఏడడుగులు ఉంటే మీకూ అందుతుంది. డబ్బా అడుగు మాత్రం బాఫిల్ పైఅంచు కంటే కిందికి వేలాడకూడదు. నాలుగు చేతులున్నాయి కదా అని బరువంతా ఒకవైపే వేయకండి, ఎదురెదురుగా పెట్టండి. ఇంకో మాట, చేతులు బిగించకముందే బాఫిల్‌ని పోల్‌కి ఎక్కించుకోవాలి. లేదంటే మళ్లీ అంతా విప్పుకోవాల్సిందే.

ఇంకొకరు

ఇంత హడావిడి ఎందుకండీ? పోల్‌కి గ్రీజు రాస్తే ఉడత జారి కింద పడుతుంది, పని అయిపోతుంది.

బాఫిల్ గురించి చెప్పినవారు

దయచేసి ఆ పని చేయకండి. గ్రీజు ఉడత బొచ్చుకి అంటుతుంది, పిట్ట ఈకలకి అంటుతుంది. ఈకలు అతుక్కుపోతే పిట్ట సరిగ్గా ఎగరలేదు, ఒంట్లో వేడినీ నిలుపుకోలేదు. ఎండకి కరిగి, వానకి కొట్టుకుపోయి వారానికోసారి మళ్లీ రాయాలి కూడా.

మరో సభ్యురాలు

మరి గింజల్లో కారం కలిపితే? పిట్టలకి కారం తెలియదని విన్నాను.

జవాబు

నిజమేనమ్మా, మిరపలో మంట పుట్టించే పదార్థం పిట్టలకి తగలదు, ఉడతలకి తగులుతుంది. కానీ పొడి కలిపితే గాలికి ఎగిరి ముందు మీ కళ్లల్లోనే పడుతుంది. బాఫిల్ ఉంటే ఆ అవసరమే రాదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండీ. టేపుతో కొలిచాను. మధ్యలో పెడితే గోడ పదకొండు అడుగులు, కొమ్మ చివర తొమ్మిది. కొమ్మ కొంచెం కత్తిరిస్తే సరిపోతుంది. కానీ వంటింటి కిటికీ అద్దం సరిగ్గా పన్నెండు అడుగుల దూరంలో వస్తోంది. పర్లేదా?

జవాబు

అదే అసలు టెన్షన్ పెట్టే దూరం. అద్దంలో ఆకాశం, చెట్లు కనిపిస్తే పిట్ట దాన్ని ఖాళీ చోటనుకుని గుద్దుకుంటుంది. ఫీడర్, అంటే గింజల డబ్బా, అద్దానికి మూడడుగుల లోపు ఉంటే పిట్టకి వేగం అందుకునే జాగా ఉండదు, ముప్పై అడుగులు దాటితే ప్రమాదం తగ్గుతుంది. మీకు ఆ రెండూ కుదరవు, మూడడుగుల్లో పెడితే ఉడత కిటికీ గట్టు మీంచి దూకుతుంది. కాబట్టి పోల్ అక్కడే ఉంచి అద్దం సంగతి చూడండి. బయటి వైపు చుక్కలో గీతలో అంటించండి, వాటి మధ్య రెండంగుళాలకి మించి ఖాళీ వదలొద్దు. డేగ బొమ్మ స్టిక్కర్ ఒక్కటి అతికించి ఊరుకుంటే లాభం లేదు, పిట్ట దాని పక్కనుంచి వెళ్లబోయి గుద్దుకుంటుంది.

మరో సభ్యురాలు

డబ్బా గురించి ఎవరూ చెప్పలేదు. పిచ్చుకల్లాంటి చిన్నవాటికి పొడుగాటి గొట్టం డబ్బా, పొట్టి కూర్చునే పుల్లలతో. పావురాలు దాని మీద కుదురుగా కూర్చోలేవు. అవి కూడా రావాలంటే పళ్లెం లాంటిది పెట్టాలి, అడుగున నీళ్లు పోయే కన్నాలుండాలి. నేనైతే పూర్తిగా ఊడదీసి కడగడానికి వీలుకాని డబ్బా ఊరికే ఇచ్చినా తీసుకోను. తడిసిన గింజ ముద్ద కట్టి బూజు పడుతుంది, రెట్టల వల్ల సాల్మొనెల్లా లాంటి రోగక్రిములు ఒక పిట్ట నుంచి ఇంకోదానికి అంటుకుంటాయి. రెండు వారాలకోసారి, వానల్లో ఇంకా ముందే, తొమ్మిది వంతుల నీళ్లకి ఒక వంతు బ్లీచ్ కలిపి నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఆరాకే నింపండి. నీరసంగా ఈకలు ఉబ్బించుకు కూర్చున్న పిట్ట కనిపిస్తే కొన్నాళ్లు ఫీడర్ తీసేయండి.

గింజల్లో పొద్దుతిరుగుడు చాలా జాతులు తింటాయి. అన్నీ కలిపి అమ్మే మిశ్రమంలో నచ్చనివి కింద పారేస్తాయి, రాత్రికి ఎలుకలు వస్తాయి. ఆ రోజుకి సరిపడానే పోసి, సాయంత్రం కింద ఊడ్చేయండి.

ప్రశ్న అడిగినవారు

అర్థమైంది. చివరిగా ఒకటి, మా నేల కాస్త ఇసుక నేల. మరలు పట్టు నిలుస్తాయా, సిమెంటు వేయాలా?

జవాబు

ఇసుకలో మరలు వదులైపోతాయి. అలాగని పోల్‌ని నేరుగా సిమెంటులో పాతేయకండి, తర్వాత చోటు మార్చాలంటే గడ్డపార పట్టాల్సి వస్తుంది. రెండడుగుల గొయ్యి తీసి అడుగున కంకర వేయండి. పోల్ బిగుతుగా పట్టే పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, చుట్టూ సిమెంటు పోయండి. పైపు నేల కంటే ఒక అంగుళం పైకి ఉంటే మట్టి లోపలికి జారదు. సిమెంటు గట్టిపడేదాకా మట్టపలకతో నిలువు చూస్తుండండి. ఆ తర్వాత పోల్ అందులోకి దింపితే సరి. మరలున్న అడుగు ముక్క ఇక అక్కర్లేదు, అది లేకుండా విడి గొట్టం దొరికితే అదే తీసుకోండి.