కొడుకు ఇంట్లో ఉంటున్న తండ్రి నెలనెలా ఖర్చు ఇవ్వాలా?

కృష్ణలంక: మాకు విడాకులై చాలా ఏళ్లయింది. బాబు వాళ్ళమ్మ దగ్గరే పెరిగాడు. నేను రిటైరయ్యాక, ఒక్కడివే అక్కడెందుకని నిజాంపేటలో తన ఫ్లాట్‌కి రమ్మన్నాడు. వాడికింకా పెళ్లి కాలేదు. పెన్షన్‌లోంచి నెలకు పదిహేను వేలు ఇస్తానంటే, "ఇదేమన్నా హాస్టలా నాన్నా" అంటాడు. డబ్బు తీసుకోకపోతే నాకు ఫ్రిజ్ తెరవాలన్నా మొహమాటంగా ఉంది. విజయవాడలో నా ఫ్లాట్ ఇప్పుడే వాడి పేర రాసిచ్చేస్తే సరిపోతుందేమో. ఏమంటారు?

తెనాలి తాతయ్య: కన్నకొడుకు దగ్గర డబ్బు కట్టి తినడమేంటండీ! హాయిగా ఉండండి. పిల్లాడే పిలిచాడుగా.

అమ్మ కూతురు: తాతయ్యగారూ, పెంచిన తండ్రికైతే మీ మాట సరే. మా నాన్న కూడా ఇలాగే తమ్ముడి ఇంటికొచ్చారు. డబ్బు చేతిలో పెట్టినప్పుడల్లా వాడికి కాలేజీ ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టిన సంగతి గుర్తొచ్చేది. అప్పుడు ఇవ్వనిది ఇప్పుడు ఇస్తున్నట్టు ఉంటుంది సార్. మీ అబ్బాయి వద్దనడానికి కారణం అదేనో కాదో నాకు తెలీదు కానీ, ఒకసారి ఆలోచించండి.

కృష్ణలంక: ఫీజులు నేనే కట్టానమ్మా. ఇంట్లో లేనన్నది మాత్రం నిజం.

రిజిస్ట్రేషన్ రాజు: ఫ్లాట్ సంగతి చెప్తా. తొందరపడి గిఫ్ట్ డీడ్ రాయకండి. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం, వీలునామా లేకపోయినా కొడుకు మొదటి తరగతి వారసుడే. విడాకులతో భార్య వారసత్వం పోతుంది, పిల్లలది పోదు. అంతగా అయితే వీలునామా రాయండి, మనసు మారితే మార్చుకోవచ్చు. ఇచ్చే తీరాలంటే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 60 నిండినవాళ్ళు అలా ఇచ్చాక పిల్లలు చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్‌ను అడగొచ్చు.

తెనాలి తాతయ్య: ఇంకా కాఫీ కలుపుకోవడానికే మొహమాటపడుతున్నాడాయన. అప్పుడే సెక్షన్లా?

రిజిస్ట్రేషన్ రాజు: మొహమాటంతోనే రాసిచ్చేస్తారు తాతయ్యా. ఆఫీసులో రోజూ చూస్తున్నాను.

బ్యాచిలర్ బాబు: కొడుకుల వైపునుంచి ఒక మాట. మా నాన్న కూడా నా దగ్గరే ఉంటారు. డబ్బు తీసుకుంటే రేపు ఆయన "నేనూ కడుతున్నాగా" అంటారని భయం. తొమ్మిదింటికల్లా లైట్లార్పడం, ఫ్రెండ్స్ వస్తే ఎవరు ఏమిటని ఆరా తీయడం, ఇప్పటికే ఉన్నాయి. మీరు ఒక పని మీ చేతిలోకి తీసుకోండి అంకుల్. కరెంటు బిల్లు, కూరగాయలు, ఏదో ఒకటి. అది మీ డ్యూటీ అని వాడితో చెప్పేయండి. చేతికి నోట్లు ఇస్తే మాత్రం అద్దెలానే ఉంటుంది.

అమ్మ కూతురు: ఇది నచ్చింది. కానీ అసలు విషయం ఎవరూ అడగలేదు. ఆ ఇంటికి వాళ్ళమ్మ రాదా? వస్తే ఈయన ఎక్కడుంటారు?

కృష్ణలంక: కరెంటు బిల్లు నాకిమ్మని అడుగుతాను. రాజుగారూ, ఫ్లాట్ ప్రస్తుతానికి కదపను. సంక్రాంతికి వాళ్ళమ్మ వస్తోందట. ఆ పండగ రోజులు నేను విజయవాడలో ఉంటానన్నాను. వాడేమో ఇద్దరూ ఉండండి అంటున్నాడు. ఉండమంటారా?

అమ్మ కూతురు: మీ అబ్బాయి అంటే చాలదు సార్. ముందు ఆవిడను అడగమనండి.