గురువారం బైబిల్ స్టడీ ఇంకో ప్రసంగంలా అయిపోతోంది, ఎలా నడపాలో చెప్పండి

కొరిటెపాడు_గుంటూరు:

అందరికీ వందనాలు. మాది గుంటూరు, కొరిటెపాడు. మా ఇంట్లో గురువారం సాయంత్రాలు బైబిల్ స్టడీ పెట్టుకుంటున్నాం, మా లూథరన్ సంఘం వాళ్లు కొందరు, పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే పెంతెకొస్తు కుటుంబం ఒకటి, మా వీధి చివర ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఆంటీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలు ముగ్గురు నలుగురు, అంతా కలిపి పది పన్నెండు మంది అవుతారు. మొదట్లో బాగా ఉత్సాహంగా ఉండేది. ఇప్పుడేమవుతోందంటే మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు, వాక్యం బాగా చదివినాయన, ఆయనంటే మా అందరికీ గౌరవమే, కానీ మొదలుపెట్టారంటే నలభై నిమిషాలు ఆయనే మాట్లాడతారు, ఆదికాండం నుంచి ప్రకటన దాకా రిఫరెన్సులు చెప్పుకుంటూ పోతారు, మేము పేజీలు తిప్పుతూ కూర్చుంటాం. పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు, ఇద్దరైతే రావడమే మానేశారు. ఆడవాళ్లు అసలు నోరు విప్పరు, అడిగితే "నువ్వే చెప్పమ్మా, మాకేం తెలుసు" అంటారు. మా అత్తగారికి చదవడం రాదు, ప్రార్థన అయ్యేదాకా కూర్చుని తర్వాత వంటింట్లోకి వెళ్లిపోతారు.

ఆదివారం ఎలాగూ అయ్యగారి (మా పాస్టర్‌గారి) ప్రసంగం వింటున్నాం, గురువారం కూడా ప్రసంగమే అయితే దీన్ని స్టడీ అని ఎందుకనాలి? అలాగని పెద్దాయన్ని ఆగమని చెప్పే ధైర్యం నాకు లేదు, మా మామగారికంటే వయసులో పెద్ద. మీ ఇళ్లల్లో ఎలా చేస్తున్నారు, ఏ పుస్తకం తీసుకుంటున్నారు, ప్రశ్నలు ఎలా అడుగుతున్నారు, కొంచెం వివరంగా రాయండి. నాకు ఈ కూడిక ఆగిపోవడం ఇష్టం లేదు.

బ్రాడీపేట_అక్క:

వందనాలు చెల్లీ. మేము ఆడవాళ్లం మధ్యాహ్నం పూట కూడతాం, పిల్లలు స్కూల్ నుంచి వచ్చేలోపు అయిపోవాలి కాబట్టి ప్రసంగం చేసేంత టైం ఎవరికీ ఉండదు, అది మాకు మేలే అయింది. మేము ముందు చేసే పని ఆ రోజు భాగాన్ని రెండుసార్లు పైకి చదవడం. ఒకసారి పాత బైబిల్లోంచి, ఇంకోసారి వాడుక భాషలో ఉన్నదాంట్లోంచి, ఇద్దరు వేరే వేరే మనుషులు చదువుతారు. రెండోసారి చదివేటప్పుడు మిగతావాళ్లు బైబిళ్లు మూసేసి వింటారు. మీ అత్తగారిలాంటి వాళ్లు మా దగ్గరా ఉన్నారు, చదవడం రానివాళ్లు వినడంలో మనకంటే గట్టివాళ్లు, మనం కళ్లతో దాటేసిన మాట వాళ్ల చెవిన పడుతుంది. ఆవిణ్ణి వంటింట్లోకి వెళ్లనివ్వకు, టీ సంగతి ఇంకెవరైనా చూసుకుంటారు.

ఒక రోజు సంగతి చెప్తా. మార్కు 2వ అధ్యాయం, పక్షవాయువు వచ్చినాయన్ని నలుగురు మోసుకొచ్చి, జనంలో దారి లేక పైకప్పు ఊడదీసి యేసు ముందు దించే భాగం. చదవడం అయ్యాక నేను "ఈ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పండి" అని అడిగా, అంతే. ఒకరు యేసు అన్నారు, ఒకరు జనం అన్నారు, ఒకరు శాస్త్రులు కూర్చుని ఉన్నారు అన్నారు, పాత గుంటూరు నుంచి వచ్చే మామ్మ ఒకావిడ "ఇంటాయన ఉంటాడు కదమ్మా, పైకప్పు ఊడదీస్తుంటే ఊరుకున్నాడా" అంది. ఆ మాటకి అందరూ మళ్లీ బైబిళ్లు తెరిచారు. అక్కడి ఇళ్లకి దూలాలు వేసి, కొమ్మలు పరిచి, మీద మట్టి మెత్తేవాళ్లు, మన పాత మట్టిమిద్దెల్లాగే, పైకెక్కడానికి బయట మెట్లుండేవి, అందుకే వాళ్లు ఎక్కి తవ్వగలిగారు, ఆ మట్టంతా కింద కూర్చున్నవాళ్ల నెత్తిమీద పడే ఉంటుంది. అది మాట్లాడుకుంటుండగా ఒకావిడ వేలు పెట్టి చూపించి "ఇక్కడ వారి విశ్వాసము చూచి అని ఉంది కదా, మోసుకొచ్చినవాళ్ల విశ్వాసం కూడా లెక్కే కదా" అంది. ఆవిడ భర్త మంచం మీద ఉన్నాడు, తనంతట తాను ప్రార్థన చేసుకునే స్థితిలో లేడు. ఆ 5వ వచనం ఆవిడకి ఎంత అవసరమో అప్పుడు తెలిసింది మాకు. ఆ రోజు ఎవ్వరం ప్రసంగం చెయ్యలేదు, వాక్యమే పని చేసింది.

కాబట్టి ప్రశ్న చిన్నదిగా ఉండాలి, జవాబు వచనంలోనే దొరకాలి. "ఈ భాగం మీ ఆత్మీయ జీవితానికి ఏం నేర్పింది" అని ముందే అడిగితే ఎవరూ మాట్లాడరు, అందరికీ భయం, తప్పు చెప్తామేమో అని. ఎవరు, ఎక్కడ, ఏమన్నారు, తర్వాత ఏం జరిగింది, ఇలా అడిగితే పదేళ్ల పిల్ల కూడా చెప్తుంది. అడిగాక ఎవరూ మాట్లాడకపోతే కాసేపు ఆగు, కంగారుపడి జవాబు నువ్వే చెప్పేయకు.

కృష్ణలంక_బెజవాడ:

అక్క చెప్పింది కరెక్ట్. నేను కాలేజీ రోజుల్లో యూఈఎస్ఐ స్టూడెంట్ గ్రూపులో నేర్చుకున్నా, 1954లో మొదలైన క్రైస్తవ విద్యార్థుల సంస్థ అది, హాస్టల్ గదిలో మంచాల మీద నలుగురైదుగురం కూర్చుని చదివేవాళ్లం. అక్కడ నేర్పిన పద్ధతి ఏంటంటే ముందు ఆ భాగంలో ఏముందో చూడాలి, తర్వాత అప్పటివాళ్లకి దాని అర్థం ఏంటో ఆలోచించాలి, ఆ తర్వాతే మనకేం చెప్తోందో అడగాలి. మనవాళ్లు మొదటి రెండూ వదిలేసి తిన్నగా మూడోదానికి వెళ్లిపోతారు.

యిర్మీయా 29:11 తీసుకోండి, మీ గురించి నావి క్షేమకరమైన ఆలోచనలే అని దేవుడు చెప్పే మాట, కొత్త సంవత్సరం వాగ్దానం కార్డుల మీద, క్యాలెండర్ల మీద, గుమ్మాల మీద ఎక్కడ చూసినా ఉంటుంది. దాని పైన 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంటుంది, అది మాత్రం ఏ కార్డు మీదా ఉండదు. బబులోనుకి చెరగా పోయినవాళ్లకి రాసిన ఉత్తరం అది, దాన్ని విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ యెరూషలేము చూడకుండానే పోయి ఉంటారు. 5 నుంచి 7 దాకా చదివితే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని ఉంది. ఇదంతా తెలిస్తే ఆ వాగ్దానం బలం ఏమీ తగ్గదండి, నాకైతే పెరిగింది. నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి చూస్తూ బెజవాడ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లాడికి "త్వరలో వచ్చేస్తుంది బ్రదర్" అనే మాట ఎన్నాళ్లు నిలబెడుతుంది? ఆలస్యమైనా దేవుడు నిన్ను మర్చిపోలేదు, ఈలోపు నువ్వున్న చోట బతుకు అనే మాట నిలబెడుతుంది. అందుకే ఒక్కో వారం ఒక్కో వచనం ఏరుకోవద్దు, ఒక పుస్తకం పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్లండి. మార్కు సువార్త 16 అధ్యాయాలు, వారానికి సగం అధ్యాయం చొప్పున ఏడెనిమిది నెలలు పడుతుంది. అంత వద్దనుకుంటే రూతు, యోనా, ఫిలిప్పీయులకు, ఇవన్నీ నాలుగేసి అధ్యాయాలే. ప్రకటన గ్రంథంతో మాత్రం మొదలుపెట్టొద్దు, పిల్లలు అదే అడుగుతారు, తర్వాత చూద్దాం అనండి.

ఇక పెద్దాయన సంగతి. అందరి ముందు ఆపొద్దు, అసలు ఆ పని చెయ్యొద్దు. మీరూ మీవారూ కలిసి ఆయన ఇంటికి వెళ్లండి. అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో ఉన్నాడు కదా, లేఖనాల్లో దిట్ట, మంచి వక్త, ఆయనకి తెలియని సంగతి ఒకటుందని అకుల ప్రిస్కిల్ల అనే దంపతులు గమనించారు, సమాజమందిరంలో లేచి అడ్డుపడలేదు, ఆయన్ని తమతో చేర్చుకుని వివరంగా చెప్పారు. మీరూ అలాగే "అంకుల్, ఈ పిల్లలు తమంతట తాము వాక్యం చదవడం నేర్చుకోవాలి, దానికి మీ సాయం కావాలి" అని అడగండి. మొదట ఐదు నిమిషాలు ఆయన నేపథ్యం చెప్తారు, ఈ పుస్తకం ఎవరు రాశారు, ఎవరికి రాశారు, అప్పుడు పరిస్థితి ఏంటి అని, చివర ముగింపు ప్రార్థన కూడా ఆయనదే. మధ్యలో టైమంతా గ్రూపుది. బాధ్యత అప్పగిస్తే పెద్దవాళ్లు కాదనరు, వాళ్లకి కావలసింది కూడా పిల్లలు వాక్యంలో నిలబడటమే.

అరండల్‌పేట_లూథరన్:

మీది లూథరన్ సంఘం అన్నారు కాబట్టి ఒక మాట. ఇళ్లల్లో కూడి వాక్యం చదవడం ఈమధ్య పెద్ద పెద్ద చర్చిలవాళ్లు తెచ్చిన సెల్ గ్రూప్ పద్ధతి అని, మనది కాదని అనే పెద్దవాళ్లు ఉన్నారు, మా సంఘంలోనూ ఆ మాట వచ్చింది. నిజానికి మన ఇంటిదే అది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పేనర్ అనే లూథరన్ పాస్టర్ 1670లో తన ఇంట్లోనే ఇలాంటి కూడికలు మొదలుపెట్టాడు. ఆ ఉజ్జీవంలో పుట్టిందే జర్మనీలోని హాలే పట్టణంలో జరిగిన మిషనరీ పని, అక్కడ చదువుకున్న జీగెన్‌బాల్గ్ అనే మిషనరీ 1706లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో దిగాడు, ఆయన తర్వాత వచ్చిన షుల్ట్జె బైబిల్‌ని తెలుగులోకి తెచ్చాడు, అది అచ్చు కాలేదు గానీ. మన గుంటూరుకి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చింది 1842లో. తర్వాతి రోజుల్లో బైబిల్ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి, గడప దాటి రాలేని ఆడవాళ్ల పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించేవాళ్లు, ఈ సంఘాలన్నీ ఒక్క ప్రసంగ పీఠాల మీద నుంచే కట్టబడలేదు. మీ పెద్దాయనకి ఈ చరిత్ర అంటే ఇష్టం ఉండొచ్చు, చెప్పి చూడండి.

ఇంకోటి, అయ్యగారికి ముందే చెప్పండి, వారానికి ఏ భాగం చదువుతున్నారో కూడా చెప్తుండండి, వీలైతే ఎప్పుడైనా రమ్మనండి, వచ్చినా ఆయనా అందరితోపాటు కూర్చుని మాట్లాడేలా. ఆరాధన టైముకీ ఉపవాస ప్రార్థన రోజుకీ అడ్డం రాకూడదు. కానుకలు అసలు పట్టొద్దు, గ్రూపుకి పేరు పెట్టొద్దు. ఇంటి కూడిక కాస్తా కొత్త సంఘమైపోయి, అన్నదమ్ములు మాట్లాడుకోకుండా పోయిన ఊళ్లు మన జిల్లాలో ఉన్నాయి, అందుకే సంఘ పెద్దలు భయపడతారు, ఆ భయంలో న్యాయం ఉంది.

పటమట_సిస్టర్:

నేను ఒక్క విషయమే చెప్తా, ఇది ఎవరూ రాయలేదు. ప్రార్థనాంశాలు ఆ గదిలోనే ఉండాలి. నేను ఇంతకుముందు వెళ్లిన ఒక గ్రూపులో ఒక సిస్టర్ తన కూతురి కాపురం గురించి ఏడ్చుకుంటూ చెప్పుకుంది, ఆదివారానికి అదే మాట చర్చి గేటు దగ్గర వినపడింది, ఎవరో "అర్జెంట్ ప్రేయర్" అని పేరుతో సహా వాట్సాప్‌లో కూడా పెట్టేశారు. పెట్టినవాళ్లు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. కానీ ఆవిడ మళ్లీ గ్రూపుకి రాలేదు, చర్చికే రావడం మానేసింది, ఫోన్ చేసినా ఎత్తలేదు. ఇప్పటికీ ఆవిడ గురించి ప్రార్థన చేస్తాను. మొదటి రోజే అందరి చేత ఒప్పించండి, ఎవరి మాట వాళ్లు తప్ప ఇంకొకరు బయట చెప్పకూడదు అని, భార్యాభర్తల మధ్య కూడా.

అలాగే టిఫిన్లు వద్దు. మా దగ్గర ఒకరు ఉప్మా పెడితే తర్వాతి వారం ఇంకొకరు పూరీ పెట్టారు, ఆ తర్వాత చికెన్ దాకా వెళ్లింది, రేకుల ఇంట్లో ఉండే ఒక కుటుంబం "మా ఇంట్లో పెట్టుకోండి" అని అడగడమే మానేసింది. టీ బిస్కెట్లు చాలు.

కొరిటెపాడు_గుంటూరు:

అందరికీ చాలా థాంక్స్, అక్కా మీరు రాసింది మా అత్తగారికి చదివి వినిపించా, "ఆ మామ్మ అడిగింది నిజమే కదా, ఆ కప్పు మళ్లీ ఎవరు వేయించారు" అన్నారు. ఈ ఆదివారం సాయంత్రం నేనూ మావారూ పెద్దాయన ఇంటికి వెళ్తున్నాం. మార్కుతోనే మొదలుపెడదాం అనుకుంటున్నాం.

ఒక్క డౌట్ మిగిలింది. పెంతెకొస్తు బ్రదర్ ముంచి ఇచ్చేదే బాప్తిస్మం అంటారు, మా వాళ్లకి చిన్నప్పుడే చిలకరించారు, ఒకసారి ఈ విషయం మీద మాటా మాటా పెరిగి పిల్లల ముందే గొంతులు లేచాయి. ఆర్‌సీఎం ఆంటీ అయితే తన బైబిల్ తేవడానికే మొహమాటపడుతున్నారు, మా బైబిల్ వేరు కదమ్మా అని. ఇంతమందిని కలిపి కూర్చోబెట్టడం అసలు కరెక్టేనా?

కృష్ణలంక_బెజవాడ:

కరెక్టేనండి, వదులుకోవద్దు. ఆంటీకి చెప్పండి, వాళ్ల బైబిల్లో 73 పుస్తకాలు, మనకి 66, ఆ తేడా అంతా పాత నిబంధనలోనే, కొత్త నిబంధన 27 పుస్తకాలూ అందరికీ అవే. మార్కు చదవడానికి ఏ ఇబ్బందీ లేదు, ఆవిడ బైబిలే తెచ్చుకోమనండి, ఒక వారం పైకి చదవడం ఆవిడకే ఇవ్వండి, మొహమాటం పోతుంది.

బాప్తిస్మం గొడవ మీకు మొదటి వారమే వస్తుంది, ఎందుకంటే మార్కు 1లోనే యేసు యొర్దాను నదిలో బాప్తిస్మం తీసుకోవడం ఉంది. రాకుండా ఆపాలని చూడొద్దు. బ్రదర్‌ని రెండు నిమిషాలు వాళ్ల సంఘం ఏం నమ్ముతుందో చెప్పమనండి, మీ పెద్దాయన్ని రెండు నిమిషాలు మీ సంఘం ఎందుకు అలా చేస్తుందో చెప్పమనండి, ఒకరు చెప్పేటప్పుడు ఇంకొకరు జవాబివ్వకూడదు, ఓడించాలని చూడకూడదు, ఈ మాట ఇద్దరికీ ముందే విడివిడిగా చెప్పి ఉంచండి. అయిపోగానే "సరే, ఇప్పుడు 10, 11 వచనాలు, ఆకాశం నుంచి వచ్చిన మాట ఎవరితో, అప్పటికి ఆయన ఏ పనీ మొదలుపెట్టలేదు కదా, మరి ఎందుకు ఆనందిస్తున్నాను అన్నాడు" అని అడగండి. ఈ ప్రశ్న మీద లూథరన్ కూతురూ మాట్లాడుతుంది, పెంతెకొస్తు కొడుకూ మాట్లాడతాడు, చూడండి. ఎవరైనా భాగం దాటి బయటికి వెళ్తుంటే "అది ఏ వచనంలో ఉందండి" అని మర్యాదగా అడిగితే చాలు, బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పిందే లేఖనాల్లో రోజూ వెతికి చూసుకున్నారు, కార్యములు 17:11, కాబట్టి అలా అడగడం ఎవరికీ అవమానం కాదు.

మొదటి వారం 1 నుంచి 15 వచనాల దాకానే పెట్టుకోండి, ఎక్కువ వద్దు. ప్రశ్నలు నాలుగైదు కాగితం మీద రాసి ముందురోజే పిల్లల్లో ఒకరికి ఇచ్చెయ్యండి, మానేసిన ఇద్దరిలో ఒకరికి అయితే ఇంకా మంచిది, ఆ అబ్బాయే అడుగుతాడు, మీరు పక్కన కూర్చోండి. గంటంపావు అవ్వగానే చర్చ ఎక్కడున్నా ఆపి ప్రార్థనలోకి వెళ్లండి, మిర్చి సీజన్‌లో యార్డు నుంచి అలిసిపోయి వచ్చేవాళ్లు కూడా ఉంటారు మీ వైపు, టైముకి వదిలేస్తారని నమ్మకం ఉంటే వాళ్లు మళ్లీ వస్తారు.