ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు మందు గురించి ఎలా చెప్పాలి?

సైన్స్ టీచర్, గాజువాక

వచ్చే శనివారం పిల్లలకు మద్యం గురించి ఒక పీరియడ్ తీసుకోమని హెచ్‌ఎం గారు నాకు అప్పజెప్పారు. బోర్డు మీద ఒక స్లోగన్ రాసి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటో గ్రూపులో పెట్టేస్తే పని అయిపోయినట్టే. నాకది చాలదనిపిస్తోంది.

ఈ గుంటలకు బ్రాండ్ల పేర్లు నాకంటే బాగా తెలుసు. మొన్న ఎనిమిదో తరగతిలో, ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది అన్నానో లేదో, వెనక బెంచీ నుంచి ఒకడు "బీరు మందు కాదంట కదా మేడమ్, మా బావ చెప్పాడు" అన్నాడు. ఇంకొకడు కల్లు ఒంటికి చలవంటాడు. అమ్మవారి పండగలో పెద్దవాళ్లే "ఒక్క గుక్క తాగరా, మగాడివి కాదా" అని గ్లాసు నోటిదాకా తెస్తారట. ఇక వినాయక నిమజ్జనం సంగతి చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. క్లాసులో చాలామంది నాన్నలు సాయంత్రం తాగేవాళ్లే. ముందు వరసలో ఒక పాప, ఈ మాట ఎత్తితే చాలు, తల దించేసి పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంటుంది. తాగేవాళ్లంతా చెడ్డవాళ్లని నేనంటే ఆ పిల్ల ఏమైపోవాలి? ఈ వయసు వాళ్లకు మీలో ఎవరైనా చెప్పారా? ఏం చెప్పారు?

లెక్కల మాస్టారు, కంచరపాలెం

మేడమ్, ఆ బావగారి శిష్యుడినే బోర్డు దగ్గరకు పిలవండి. శాతాల లెక్కే కదా. బీరు సీసా 650 మి.లీ., స్ట్రాంగ్ రకం 8 శాతం అనుకుంటే అందులో అసలు ఆల్కహాల్ 52 మి.లీ. విస్కీ 42.8 శాతం, 30 మి.లీ. పెగ్గులో ఉండేది 13 కి కాస్త తక్కువ. అంటే ఒక్క సీసా నాలుగు పెగ్గులు! 5 శాతం బీరైనా రెండున్నర పెగ్గులు. మీరు మాత్రం జవాబు చెప్పకండి. వాడి చేత్తో వాడే వేయాలి. మా దగ్గర ఒకడు లెక్క తప్పిందేమోనని మళ్లీ మొదటి నుంచి చేశాడు.

కల్లుకు లేబులే ఉండదు. పొద్దున దింపినదానికీ సాయంత్రానికీ ఎందుకు తేడా వస్తుందో మీ ఈస్ట్ పాఠంలోనే ఉంది. ప్రతిజ్ఞ మాత్రం దండగ.

ఇద్దరు పిల్లల నాన్న, ఎంవీపీ కాలనీ

ఇవన్నీ మరీ మెత్తగా ఉన్నాయండి. భయం ఉండాలి. గుడ్డు తెల్లసొన స్పిరిట్‌లో వేసి చూపించండి, తెల్లగా గడ్డకడుతుంది. పాడైపోయిన లివర్ ఫొటోలు చూపించండి. మాకు అలాగే చెప్పారు.

స్టాఫ్ నర్సు

అన్నయ్య గారూ, స్పిరిట్‌లో ఉన్నంత ఆల్కహాల్ ఎవరి రక్తంలోనూ చేరదు. ఆ ముక్క ఏ పిల్లాడో పట్టుకున్నాడంటే మిగతా పాఠమంతా పోయినట్టే. లివర్ పాడవడానికి ఏళ్లు పడుతుంది, పదమూడేళ్ల వాడికి నలభై అంటే ముసలితనం. వాడికి ఆ రాత్రి జరిగేది చెప్పాలి.

పండగ రాత్రుళ్లు క్యాజువాలిటీకి తెచ్చే పిల్లల్ని చూస్తాను. జుట్టు తడిసి ఉంటుంది, చొక్కా మీద మజ్జిగ మరకలు. ఇంట్లో తెలిస్తే తంతారని స్నేహితులు చన్నీళ్లు పోసి, మజ్జిగ పట్టించి, మత్తు దిగుతుందని కూర్చుంటారు. ఏదీ దించదు, లివర్ తన వేగంతో తాను చేసుకోవాల్సిందే. ఈలోగా పిల్లల ఒంట్లో షుగర్ పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. స్పృహలో లేనివాడి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ 108 కి ఫోన్ చేయాలి, ఒంటరిగా వదలకూడదు. బెంచీలు జరిపి ఇద్దరు పిల్లల చేత చేయించండి.

మెదడు మాట కూడా చెప్పండి. 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది, "ఆగరా" అని చెప్పే ముందు భాగం అన్నిటికంటే చివర్లో తయారవుతుంది. అసలే సగం తయారైన బ్రేకు, దాని మీద మందు. మన ఊళ్లో పక్కనే సముద్రం. యారాడలో ఆ స్థితిలో అలల్లోకి దిగితే ఏమవుతుందో వాళ్లనే చెప్పమనండి.

ఇద్దరు పిల్లల నాన్న, ఎంవీపీ కాలనీ

సరేనమ్మా. పిల్లల్ని వద్దంటే, గ్లాసు అందించే పెద్దల్నే భయపెడదాం. మన రాష్ట్రంలో 21 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదు. ఇక పిల్లలకు మందు ఇచ్చినవాడికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పేరెంట్స్ మీటింగులో చదివి వినిపించండి. బావలు, మామయ్యలు కూడా వస్తే మరీ మంచిది.

సైన్స్ టీచర్, గాజువాక

అందరికీ థాంక్సండి. సీసా క్లాసులోకి తేను, లేబుల్ మీద అంకెలే ఛార్టు మీద రాస్తాను. గ్లాసు అందించినప్పుడు ఏమనాలో పిల్లల్నే రాయమంటాను. "రేపు కబడ్డీ ఉంది మావయ్యా" లాంటివి వాళ్లకే బాగా తడతాయి. ఇంట్లో పెద్దవాళ్లు తాగితే అది పిల్లల తప్పు కాదని, ఇంట్లో భయమేస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 కి ఫోన్ చేయొచ్చని అందరికీ కలిపే చెప్తాను, ఆ పాప వైపు చూడకుండా.

నర్సు గారూ, శనివారం పొద్దున డ్యూటీ లేకపోతే ఒక్క పీరియడ్ వస్తారా? పక్కకు తిప్పడం మీరు చూపిస్తే వేరు. పాత గాజువాకలో బస్సు దిగితే నేనే వచ్చి తీసుకెళ్తాను.