మ్యాంగో మాట ఎక్కడిది, లేబుల్ మీద ఎలా రాయాలి?

బంగారుపాళ్యం తోట: తోతాపురి గుజ్జుకి, పచ్చికాయ ముక్కలకి ఇంగ్లీషు లేబుల్ రాయిస్తున్నాం. బహువచనానికి చివర ఎస్ చాలా, ఈఎస్ పెట్టాలా? "రా మ్యాంగో" అంటే బయటి దేశాల వాళ్లకి అర్థమవుతుందా? అసలిది ఇంగ్లీషు మాటేనా? తమిళం మాంగాయ్‌తో సంబంధం ఉందేమోనని అనుమానం.

తిరుపతి ఇంగ్లీషు పాఠం: ఎస్, ఈఎస్ రెండూ ఒప్పే అన్నా. ఏదో ఒకటి పట్టుకుని లేబుల్ అంతా అదే రాయండి. పలకడం ఎలాగైనా "మ్యాంగోజ్" అనే. పల్ప్, జ్యూస్, పికిల్ ముందు మాత్రం ఏకవచనమే రావాలి. "మ్యాంగోస్ పల్ప్" తప్పు. తరిగిన ముక్కలకీ ఏకవచనమే, పెట్టెలో కాయలకి కాయలుగా పంపితే బహువచనం.

"రా" దగ్గరే చిక్కు. మనకి పచ్చిది. వాళ్లకి ముందు తోచేది ఉడికించనిది అని, అలా చూస్తే కోసుకు తినే పండు కూడా రా మ్యాంగోనే. "గ్రీన్ మ్యాంగో" వాడుకలో ఉంది గానీ, తోతాపురి తొక్క దోరగా మారాక కూడా ఆకుపచ్చగానే ఉంటుంది కదా, రంగు అనుకుంటారు. "అన్‌రైప్", అంటే పండనిది అని రాస్తే ఏ తికమకా ఉండదు.

మాటల మూటలు: మీ అనుమానం నిజమే. మలయాళం మాఙ్ఙ, తమిళం మాంగాయ్ ఈ మాటకి మూలం. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక పోర్చుగీసు వాళ్లు మలబారు తీరంలో దాన్ని "మాంగ"గా అందుకున్నారు, వాళ్ల నుంచి ఇంగ్లీషుకి పోయింది. తమిళంలో మా అంటే మామిడి, కాయ్ అంటే కాయ. పండైతే మాంపళం. అంటే ఇంగ్లీషు వాడు పండు తింటూ కూడా కాయ అనే అంటున్నాడు!

ఓడలో పండు నిలవదు గనక తొలిరోజుల్లో ఇంగ్లండు చేరింది ఊరగాయే. దాంతో అక్కడ మ్యాంగో అంటే ఊరబెట్టినది అనే అర్థం వచ్చింది. దోసకాయ, చిన్న కర్బూజా గింజలు తీసి, లోపల ఆవాలు, వెల్లుల్లి, అల్లం కూరి, దారంతో కట్టి, వెనిగర్‌లో వేసేవాళ్లు. అదీ మ్యాంగోనే. అమెరికా నడిమి రాష్ట్రాల్లో బెంగళూరు మిర్చిని (క్యాప్సికం) మ్యాంగో అనడం ఆ వాడుక నుంచే వచ్చింది.

తిరుపతి ఇంగ్లీషు పాఠం: ఇంకొక్కటి. గుజ్జులో చక్కెర కలిపితే పేరులోనే "స్వీటెండ్ మ్యాంగో పల్ప్" అని రాయించండి. ఉత్త "మ్యాంగో పల్ప్" అంటే కొనేవాడు చక్కెర లేదనుకుంటాడు.