మన రంగుకి సన్‌స్క్రీన్ కావాలా, గొడుగూ చున్నీ చాలవా? ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ

స్కూటీ టీచర్ (విజయవాడ)

అందరికీ నమస్తే. మా ఇంట్లో తేలని గొడవ ఒకటి మీ ముందు పెడుతున్నా. నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్ని. రోజూ స్కూటీ మీద పోను 16, రాను 16 కిలోమీటర్లు. రెండో కాన్పు తర్వాత రెండు బుగ్గల మీదా, పైపెదవి మీదా మంగు వచ్చింది. పాపకి మూడేళ్లు నిండాయి, మంగు మాత్రం అలాగే ఉంది. చలికాలంలో కాస్త పలచబడుతుంది, ఉగాది దాటగానే మళ్లీ డికాక్షన్ రంగుకి వచ్చేస్తుంది.

డాక్టర్ గారు మచ్చకి ఒక క్రీమూ, దాంతో పాటు సన్‌స్క్రీనూ రాశారు. సన్‌స్క్రీన్ 50 గ్రాముల ట్యూబు 620 రూపాయలు. రెండు వేళ్ల పొడవునా పిండుకుని మొహానికీ మెడకీ రాయాలట, మధ్యాహ్నం మళ్లీ రాయాలట. లెక్కేస్తే 20 రోజులకి ట్యూబు ఖాళీ.

మా అత్తయ్య గారు "నలభై ఏళ్లు మిరప చేలో చేశాను, మొహాన ఏం రాశాను? నాకేమన్నా మంగు వచ్చిందా?" అంటారు. నిజమే, రాలేదు. మా వారేమో గొడుగుండగా ఈ ఖర్చెందుకని. స్కూటీ నడుపుతూ గొడుగెలా పట్టుకోవాలో ఆయనే చూపించాలి. వాడినవాళ్లూ వద్దనేవాళ్లూ ఇద్దరూ చెప్పండి. అసలు మన ఛామనఛాయకి ఇది అవసరమా?

పొలంగట్టు

చెల్లెమ్మా, మీ అత్తగారి మాటే నా మాట. మన ఒంట్లో మెలనిన్ ఉంది, చర్మానికి రంగునిచ్చే పదార్థం, అదే దేవుడిచ్చిన గొడుగు. సన్‌స్క్రీన్ తెల్లవాళ్ల జబ్బుకి తెల్లవాళ్లు చేసుకున్న మందు. వాళ్లకి ఎండ తగిలితే కాన్సర్. మన ఊళ్లలో ఎండ వల్ల చర్మ కాన్సర్ వచ్చినవాళ్లని ఎంతమందిని చూశారు? నేను ఒక్కరిని కూడా చూడలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లు తలకి తువ్వాలు చుడతారు, అంతే.

ఇంకో మాట. 1975లో తెల్లబరుస్తామని ఒక క్రీము దేశం మీదకి వదిలారు. 2020లో గొడవ అయ్యాక పేరులో ‘ఫెయిర్’ తీసి ‘గ్లో’ పెట్టారు. ఇప్పుడు ‘టాన్’ అని, అంటే ఎండకి నల్లబడటమని, కొత్త భయం. నలుపు జబ్బు కాదమ్మా. 620 రూపాయలకి పిల్లలకి నెలంతా గుడ్లొస్తాయి.

బ్రిస్బేన్ బావ

పొలంగట్టు అన్నా, తెల్లవాళ్ల మధ్యే పదకొండేళ్లుగా ఉంటున్నా కాబట్టి నేను మీకు ఎదురు మాట్లాడతానని అనుకుంటారేమో. సగమే ఎదురు.

ఇక్కడ వాతావరణం యాప్‌లో వాన కంటే ముందు యూవీ ఇండెక్స్ చూస్తారు, అంటే ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల జోరు చెప్పే అంకె. 3 వచ్చిందంటే టోపీ, సన్‌స్క్రీన్. టోపీ లేని పిల్లల్ని స్కూల్లో ఇంటర్వెల్‌కి ఎండలో ఆడుకోనివ్వరు. అదంతా ఆ తెల్ల చర్మానికి కాన్సర్ భయంతోనే, మీరన్నది కరెక్ట్. ఇంకా చెప్పాలంటే 2024లో ఇక్కడి వైద్య సంఘాలు చర్మం రంగుని బట్టి జనాన్ని మూడు రకాలుగా విడదీసి సలహా ఇచ్చాయి. బాగా ముదురు రంగు చర్మం వాళ్లు రోజూ సన్‌స్క్రీన్ రాసుకోనక్కర్లేదు, గంటల తరబడి ఎండలో ఉండేటప్పుడు చాలు, వాళ్లకి విటమిన్ డి ముఖ్యం అన్నాయి. మనలాంటి ఛామనఛాయ వాళ్లని మధ్య రకంలో పెట్టాయి.

ఎదురు మాట ఏంటంటే, ఇక్కడ 3కే జాగ్రత్త అంటారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం 11 కూడా దాటుతుంది. దాని గురించి మనం మాట్లాడుకోనే మాట్లాడుకోం. ‘ఎండ’ అంటే మనకి 44 డిగ్రీలే. వేడి వేరు, యూవీ వేరు. చల్లగాలి వీచే రోజు కూడా యూవీ మండిపోతుంటుంది.

డెర్మా పీజీ (కర్నూలు)

డ్యూటీ అయ్యాక రాస్తున్నా, పొడుగైతే క్షమించండి. మా ఓపీకి వేసవిలో రోజూ మంగు కేసులు వస్తాయి కాబట్టి ఊరుకోలేకపోతున్నా.

పొలంగట్టు గారూ, మెలనిన్ గొడుగే. 1979లో కొలిచి చూశారు. అమెరికాలోని నల్లవారి చర్మం పై పొర సుమారు 13 ఎస్‌పీఎఫ్ (ఎండకి కమిలిపోకుండా సన్‌స్క్రీన్ ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఉన్న క్రీముతో సమానంగా, తెల్లవారిది 3 పైచిలుకుతో సమానంగా కాపాడుతుందని తేలింది. మనం ఆ మధ్యలో ఎక్కడో ఉంటాం. మెలనిన్ చేసే కణాలు నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి, మన కణాలు ఎక్కువ పని చేస్తాయి, అంతే తేడా. కాబట్టి కాన్సర్ విషయంలో మీతో నాకు గొడవ లేదు.

కానీ టీచర్ గారు అడిగింది కాన్సర్ గురించి కాదు, మంగు గురించి. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే ప్రతి ఇంట్లో ఈ గొడవ. మన గొడుగే మన సమస్య. బాగా పని చేసే కణాలు కాబట్టే కాస్త రెచ్చగొడితే చాలు, పిలవని పేరంటానికి వచ్చినట్టు రంగు పోసేస్తాయి. మొటిమ గిల్లినా మచ్చే, దోమ కుట్టినా మచ్చే. కాన్పు, గర్భనిరోధక మాత్రలు, వంశంలో ఉండటం, ఇవి నిప్పు అయితే ఎండ దాని మీద కిరోసిన్. అత్తయ్య గారికి ఆ నిప్పు రాజుకోలేదు. అది ఆవిడ అదృష్టం. దాన్ని కోడలికి సాక్ష్యంగా చూపిస్తే ఎలా?

ఇప్పుడు మామూలుగా ఎవరూ చెప్పని విషయం. 2010లో అమెరికా డెట్రాయిట్‌లో ఒక ప్రయోగం చేశారు. యూవీ కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురుని బాగా గట్టిగా చర్మం మీద వేశారు. తెల్లవారికి ఏమీ కాలేదు. మనలాంటి వాళ్లకీ మనకంటే నల్లవారికీ చర్మం నల్లబడింది, రెండు వారాలైనా పోలేదు. ఎస్‌పీఎఫ్ అనేది ముఖ్యంగా యూవీ బీ గురించి, అంటే చర్మాన్ని చురుక్కుమనిపించే రకం యూవీ గురించి చెబుతుంది. 30 అంటే యూవీ బీలో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అంటే 98. ఆ ఒక్క శాతానికే డబ్బాల మీద యుద్ధం. డబ్బా మీద పీఏ అనే అక్షరాల పక్కన ఉండే ప్లస్ గుర్తులు యూవీ ఏ గురించి, అది చురుక్కుమనని రకం. రాసుకుంటే కనపడకుండా ఇంకిపోయే రకం మామూలు వెలుతురుని దాదాపు ఆపదు. మంగు ఉన్నవాళ్లకి రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు, ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది. మన అరుగులకి పూసే జాజు ఎరుపు కూడా దానివల్లే. అలాగని జాజు తీసుకెళ్లి మొహాన పూసుకోకండి, మా ఓపీకి ఇప్పుడున్న పని చాలు.

పొలంగట్టు

డాక్టరమ్మా, అంటే మామూలు వెలుతురే మచ్చ తెస్తుంటే, దాన్ని ఆపేది ట్యూబా, బట్టా? మీరు తిరిగి తిరిగి నా తువ్వాలు దగ్గరికే వచ్చారు.

డెర్మా పీజీ (కర్నూలు)

వచ్చాను, ఒప్పుకుంటున్నా. నీడ మొదటిది, బట్ట రెండోది, ట్యూబు మూడోది. మా మేడం ఈ వరసకి ఒప్పుకుంటారో లేదో తెలీదు గానీ నా మాట ఇదే.

కాకపోతే ఏ బట్ట? ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా చున్నీ ఎత్తి పట్టండి, దాని వెనక చెయ్యి పెట్టండి. వేళ్లు లెక్కపెట్టగలిగితే ఎండా అలాగే దూరుతుంది. పలచటి తెల్ల కాటన్ బట్ట ఆపేది తక్కువ, చెమటకి తడిస్తే ఇంకా తక్కువ. ముదురు రంగు, చిక్కటి నేత ఉన్నది మేలు. నల్ల గొడుగు చాలా బాగా ఆపుతుంది, కానీ సిమెంటు రోడ్డు మీంచీ ఇసుక మీంచీ కొట్టే ఎండని గొడుగు ఏం చేస్తుంది?

లారీ ఓనర్ కొడుకు

మా నాన్న 30 ఏళ్లు లారీ నడిపారు. ఆయన కుడి చెయ్యీ కుడి చెంపా ఎడమ వైపు కంటే రెండు షేడ్లు ముదురు. కిటికీ వైపు కదా. పెళ్లి ఫొటోల్లో కూడా తెలిసిపోతుంది.

డెర్మా పీజీ (కర్నూలు)

మీ నాన్నగారిలాంటి ఆయన ఫొటో ఒకటి 2012లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల పెద్దాయన. వాళ్లకి స్టీరింగ్ ఎడమ వైపు కాబట్టి మొహం ఎడమ సగం బాగా ముడతలు పడి కనిపిస్తుంది. కారు పక్క అద్దం యూవీ బీని ఆపుతుంది కాబట్టి మనకి చురుక్కుమనదు, యూవీ ఏ మాత్రం చాలావరకు లోపలికొచ్చేస్తుంది. ముందు అద్దం నయం, అది రెండు పొరల అద్దం.

కాకినాడ వదిన

ఇన్ని లెక్కలెందుకు? శనగపిండి, పెరుగు, నిమ్మరసం కలిపి రాసి ఆరాక కడిగితే సరి. మా అమ్మ నుంచీ ఇదే.

డెర్మా పీజీ (కర్నూలు)

వదినగారూ, శనగపిండీ పెరుగూ మీ ఇష్టం, నిమ్మరసం మాత్రం వద్దు. నిమ్మ పులుసు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి, తగ్గాక గోధుమ రంగు మచ్చలు నెలల తరబడి ఉంటాయి. ఎండాకాలం షర్బత్ బళ్ల దగ్గర కాయలు పిండేవాళ్ల చేతులు చూడండి.

కాకినాడ వదిన

అదా! మా మరిది మోచేతి మీద చారలు చారలుగా ఉంటే గజ్జి అనుకున్నాం. సరే గానీ మా పెద్దాడికి పద్నాలుగేళ్లు, మెడ చుట్టూ నల్లగా. ఎండలో క్రికెట్ వల్లేనని స్క్రబ్బర్ పెట్టి రుద్దుతున్నా, పోవట్లేదు.

డెర్మా పీజీ (కర్నూలు)

రుద్దకండి, ఇంకా నల్లబడుతుంది. ముట్టుకుంటే మఖ్మల్ గుడ్డలా మందంగా ఉండి, చంకల్లో కూడా అలాగే ఉంటే అది ఎండ కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయకపోవడానికి గుర్తు అయ్యుండొచ్చు. బరువు ఎక్కువుంటే ఒకసారి షుగర్ టెస్ట్ చేయించండి. ఆ మురికి ఎంత తోమినా పోదు, అది మురికి కాదు కాబట్టి.

ఒకప్పటి తెల్లమొహం

ట్యూబు 620 అని బాధపడుతున్న అక్కకి నా 90 రూపాయల ట్యూబు కథ చెప్పాలి. డిగ్రీలో ఉండగా మంగుకని మా వీధి చివర మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చాడు. చీటీ లేదు, ప్రశ్న లేదు. వారంలో మొహం వెలిగిపోయింది. క్లాసులో అందరూ పేరు అడిగారు, నేను కూడా గొప్పగా చెప్పాను. ఆ పాపం నా ఖాతాలోనే ఉంది. ఒకటిన్నర సంవత్సరం రాశాను. ఆపితే రెండు రోజుల్లో మొహం మంట, ఎర్రగా పొక్కులు, అందుకని మళ్లీ రాయడం. చివరికి పైపెదవి మీద వెంట్రుకలు, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు. పెళ్లిచూపులకి పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చినట్టు ఎర్రటి మొహంతో కూర్చున్నా.

చర్మ డాక్టర్ ట్యూబు వెనక అక్షరాలు చదివి స్టీరాయిడ్ ఉందన్నారు. బయటపడటానికి ఎనిమిది నెలలు పట్టింది. మంగు? అది ఎప్పటిలాగే ఉంది, ఇంకో షేడు ఎక్కువ.

డెర్మా పీజీ (కర్నూలు)

ఈ పోస్టుని పైన పిన్ చేయాలి. 2018లోనే 14 రకాల స్టీరాయిడ్ పూత మందులు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే జాబితాలోకి తెచ్చింది. షాపులో ఇంకా ఎలా దొరుకుతున్నాయో మీ అందరికీ తెలుసు. ట్యూబు మీద చివర ‘సోన్’ అని వచ్చే పేర్లు ఉంటే, మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటివి (ఈ చివరిది ‘సోల్’, ఇదే అన్నిటికంటే ఘాటు), డాక్టర్ చెప్పకుండా మొహానికి పెట్టకండి. మంగుకి మేమూ కొన్నిసార్లు రాస్తాం, కొన్ని వారాలకే, చూసుకుంటూ.

పొలంగట్టు

దీనికి మాత్రం నా ఓటు డాక్టరమ్మకే. మా చెల్లి కూతురు కూడా ఇలాంటిదేదో రాస్తోంది, ఇప్పుడే ఫోన్ చేస్తా.

ఒక్క ప్రశ్న మిగిలింది. అందరూ ఇలా కప్పుకుంటే విటమిన్ డి సంగతేంటి? మా ఆవిడకి మోకాళ్ల నొప్పులని వెళ్తే అదే తక్కువన్నారు. ఇన్ని ఎండలున్న దేశంలో!

బ్రిస్బేన్ బావ

రంగు ముదురైతే విటమిన్ డి తయారవ్వడానికి ఎక్కువ సేపు ఎండ కావాలన్నా. పైగా పొద్దున ఏడింటి లేత ఎండలో పెద్దగా తయారవ్వదు. మన పెద్దలు లేత ఎండ మంచిదంటారు గానీ దానికి కావాల్సిన యూవీ బీ ఎండ బాగా ఎక్కాకే వస్తుంది. చేతులకీ కాళ్లకీ కాసేపు తగలనిచ్చి మొహం కప్పుకుంటే సరి. విటమిన్ డికి మొహమే అక్కర్లేదు కదా.

స్కూటీ టీచర్ (విజయవాడ)

ఇంతమంది రాస్తారనుకోలేదు. అత్తయ్య గారికి మొత్తం చదివి వినిపించా. స్టీరాయిడ్ కథకి "అయ్యో తల్లీ" అన్నారు, జాజు మాటకి నవ్వారు, నా ట్యూబు గురించి మాత్రం ఇంకా మెత్తబడలేదు.

పీజీ గారూ, ఇప్పుడు మాకు ఒంటిపూట బడులు. పొద్దున ఏడింటికి బయల్దేరతాను, పన్నెండున్నరకి వదిలితే మిట్టమధ్యాహ్నం 16 కిలోమీటర్లు వెనక్కి. నేనేమో పొద్దున ఇంట్లో రాసుకుని, తిరిగొచ్చేటప్పుడు బద్ధకించి మానేస్తున్నా.

డెర్మా పీజీ (కర్నూలు)

సరిగ్గా తిరగేశారు మేడం. మీ నీడ మీకంటే పొడుగ్గా ఉంటే యూవీ తక్కువ, పొట్టిగా ఉంటే ఎక్కువ. ఏడింటికి నీడ తాటిచెట్టంత ఉంటుంది, పన్నెండున్నరకి కాళ్ల కింద ఉంటుంది. రెండుసార్లు రాస్తే మంచిదే. డబ్బు చూసుకుని ఒక్కసారే రాస్తానంటే ఆ ఒక్కసారి స్కూల్లో, చివరి పీరియడ్‌కి ముందు మొహం కడుక్కుని తుడుచుకుని రాయండి. పొద్దున చిక్కటి ముదురు రంగు స్కార్ఫ్ చాలు. 620 రూపాయలు 20 రోజులకి బదులు 40 రోజులకి వస్తాయి. హెల్మెట్ అద్దం తెల్లదైతే వెలుతురు లోపలికొస్తుంది, దాని కింద స్కార్ఫ్ కళ్ల కింది దాకా కట్టండి. మచ్చ పలచబడటానికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. మళ్లీ రావచ్చు కూడా, ముందే చెబుతున్నా.

స్కూటీ టీచర్ (విజయవాడ)

చివరి పీరియడ్ నాకు మూడో తరగతి లెక్కలు. నేను అద్దం ముందు నిలబడితే ఆ నలభై మందీ మేడం పెళ్లికెళ్తోందని ఊరంతా చెప్తారు. రేపు చూస్తా.

కాకినాడ వదిన

రంగు కలిపిన ట్యూబు ఏ షేడ్ కొన్నారో చెప్పండి మేడం. నాకు షాపులో చూపించిందేమో సున్నం కొట్టినట్టుంది.